రెండు శాతం శాస్త్రజ్ఞులు, వంగని మెడలు

ఏటా సెప్టెంబరు వెళ్ళి అక్టోబరు వచ్చేసరికి మా అనంతపురం జిల్లా పత్రికాపుటలలో ఒక పంట చేతికి వస్తుంది. చెనిక్కాయ పంట అనుకోకండి. దానికి వాన కావాలి. మాకు ఏడాదికి సగటున పడేది 550 మిల్లీమీటర్లు, అది కూడా అదనులో పడదు. నేను చెప్పే పంటకు వానతో పనిలేదు. "ప్రపంచ అగ్రశ్రేణి రెండు శాతం శాస్త్రవేత్తలలో మన ఆచార్యునికి చోటు" అనే శీర్షిక, దాని క్రింద శాలువా, పూలగుత్తి, ప్రక్కన చిరునవ్వుతో పెద్దలు. ఛాయాచిత్రంలో అందరి మెడలూ నిటారుగా ఉంటాయి. ఆ మెడల సంగతి మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి.

వార్త ఆసాంతం చదివితే మూడు అంకెలు దొరుకుతాయి: పత్రాలు ఎన్ని, ఉటంకింపులు ఎన్ని, హెచ్-ఇండెక్సు ఎంత. ఆ మనిషి ఏమి కనుగొన్నాడో మాత్రం దొరకదు. ఆయన మెదడునూ నాడులనూ పరిశోధించినవాడైతే, మెదడు గురించి ఒక్క వాక్యం కూడా లేకుండానే వార్త ముగుస్తుంది. కవిగారిని సన్మానించి, ఆయన పద్యాల సంఖ్య చదివి, పద్యం చదవకుండా సభ ముగించినట్లు.

ఆ జాబితాను "స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ప్రకటించినది" అని వ్రాస్తున్నారు. విశ్వవిద్యాలయం ఇచ్చే బిరుదు కాదది. అక్కడి ఆచార్యుడు జాన్ ఐయోనిడిస్, మరికొందరు కలిసి ఎల్సెవియర్ సంస్థవారి స్కోపస్ లెక్కలనుండి తీసి 2019లో తొలిసారి ప్రకటించిన పట్టిక. తరువాత ఏటేటా పెరుగుతూ వస్తున్నది. లక్షకు పైగా పేర్లుంటాయి. ఈ ఐయోనిడిసే 2005లో, అచ్చవుతున్న పరిశోధనల ఫలితాలలో అధికభాగం తప్పని వాదిస్తూ సుప్రసిద్ధమైన వ్యాసం వ్రాశాడు. తప్పులెన్ని అని అడిగినవానిని మరచి, పేర్లెన్ని అని చెప్పినవానిని మాత్రం మనం శాలువాతో సత్కరిస్తున్నాం. ఇక హెచ్-ఇండెక్సు జార్జ్ హిర్ష్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు 2005లోనే కల్పించినది. ఒకని పత్రాలలో ఇరవైయింటికి తలా ఇరవై ఉటంకింపులైనా ఉంటే, ఇరవైయొకటింటికి తలా ఇరవైయొకటి లేకపోతే, అతని హెచ్ ఇరవై. ఈ లెక్కన ముప్పైయేళ్ళకు పైగా జిల్లాపరిషత్ పాఠశాలలలో తెలుగు పండితుడుగా చాకిరి చేసిన నా హెచ్ సున్న. ఆ సున్నతోనే ఈ టపా వ్రాస్తున్నాను.

నా వాదం ఇది. ఉటంకింపుల సంఖ్య చదివేవారు ఎక్కడున్నారో చెబుతుంది. జబ్బుపడినవారు ఎక్కడున్నారో దానికి తెలియదు. ఈ సంఖ్యనే విలువగా తీసుకుంటే, మా పీఠభూమిమీద పుట్టిన నాడీవ్యాధిని మా పీఠభూమివాళ్ళే పరిశోధించకుండా పోతారు. పోతున్నారు కూడా. ఆ వ్యాధి సంగతి కొంచెం విస్తరించి చెప్పాలి, ఎందుకంటే పత్రికలలో దాన్ని పళ్ళ జబ్బుగానో ఎముకల జబ్బుగానో చెప్పి వదిలేస్తుంటారు.

మా నేల గ్రానైటు, నైసు రాళ్ళ నేల. ఆ రాళ్ళలో ఫ్లోరైడు ఉంటుంది. చెరువులు పూడి, బావులు ఎండి, బోర్లు వందల అడుగులకు దిగినకొద్దీ ఆ రాతిలో ఏళ్ళతరబడి నానిన నీరే పైకి వస్తుంది. లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము మేలు, వేరే గతిలేనప్పుడు 1.5 దాకా ఓర్చుకోవచ్చు అని మన జాతీయ ప్రమాణం. మా జిల్లాలో కొన్ని ఊళ్ళ బోర్లలో దానికి రెండు మూడు రెట్లు కనిపిస్తుంది. పిల్లల పళ్ళమీద గోధుమరంగు చారలు మొదటి గుర్తు. నేను పనిచేసిన ఒక పల్లె బడిలో ఆడపిల్లలు నవ్వేటప్పుడు పవిటకొంగో అరచేయో నోటికి అడ్డం పెట్టుకునేవారు. కొత్తగా వచ్చిన ఉపాధ్యాయులు దాన్ని సిగ్గనుకునేవారు.

పళ్ళతో ఆగితే ఈ టపా అక్కరలేదు. పదేళ్ళు, ఇరవైయేళ్ళు ఆ నీరే త్రాగితే ఫ్లోరైడు ఎముకలలో పేరుకుంటుంది. ఎముకలు మందమవుతాయి. వెన్నుపూసలను కలిపి ఉంచే మెత్తని బంధనాలు కూడా ఎముకలా గట్టిపడతాయి. వెన్నెముక ఒకే కర్రలా బిగుసుకొంటుంది. అప్పుడు దాని నడుమ ఉన్న గొట్టం ఇరుకై లోపలి వెన్నుపాము నలిగిపోతుంది. కాళ్ళు బిర్రబిగుస్తాయి, నడక తడబడుతుంది, కొందరికి చేతులూ చచ్చుబడతాయి. మా వీధిలో ఒక పెద్దాయన ఉండేవాడు. ప్రక్కనుండి పిలిస్తే తల త్రిప్పేవాడు కాదు. మొత్తం ఒళ్ళే త్రిప్పేవాడు. "మెడ వంచని మనిషి" అని ఊరంతా హాస్యమాడేది. ఆయనకు పొగరు ఏ కోశానా లేదు.

ఈ వ్యాధిని మన దేశంలో మొదట గుర్తించినది తెలుగునేల మీదనే. 1937లో అప్పటి నెల్లూరు జిల్లా దర్శి, పొదిలి ప్రాంతాలను గురించి షార్ట్, ఆయన సహచరులు వ్రాసిన వ్యాసాలు ఇండియన్ మెడికల్ గెజిట్ మొదలైన పత్రికలలో వచ్చాయి. అంతకుముందే మడక ఎద్దులు కీళ్ళు బిగుసుకొని నడవలేకపోవడం రైతులు పసిగట్టారని చెబుతారు. అదే నిజమైతే ఈ శాస్త్రానికి ప్రథమ పరిశీలకుడు ఒక కమతగాడు. ఆయన పేరు ఏ పాదసూచికలోనూ లేదు. తరువాత 1955లో సిద్దిఖీ నల్లగొండ రోగుల గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వ్రాశాడు. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థనుండి కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి గారలు మోకాళ్ళు లోపలికి వంగిపోయిన బిడ్డల గురించి లాన్సెట్‌లో వ్రాశారు. అక్కడినుండి వెన్నుపాము దగ్గరికి వస్తే, హైదరాబాదు నాడీశస్త్రవైద్యులు డి. రాజారెడ్డి గారి పని ముఖ్యమైనది. 1979లో నాడీవైద్యపు అంతర్జాతీయ గ్రంథమాలలో ఫ్లోరోసిస్ అధ్యాయం ఆయనది. 2009లో న్యూరాలజీ ఇండియా పత్రికలో, ఈ వ్యాధి నాడులనేమి చేస్తుందో దశాబ్దాల అనుభవంతో వ్రాసిన వ్యాసం ఆయనది. (ప్రాచీన నాణేల పరిశోధకులుగా కూడా ఆయన పేరు మన చరిత్రకారులకు తెలిసినదే.) శస్త్రచికిత్సతో కొందరికి ఉపశమనం కలుగుతుంది గాని ఆ ఎముకను కోయటం రాతిని కోసినట్లే, నీరు మార్చటమే అసలు మందు. ఇంతకంటె సూటిగా మా ఊళ్ళకు పనికివచ్చే నాడీశాస్త్రం ఏముంటుంది?

అగ్రశ్రేణి ఉటంకింపుల పట్టికలలో దాని స్థానమెక్కడ? 2014లో నేచర్ పత్రిక అత్యధికంగా ఉటంకింపబడిన నూరు పత్రాలను లెక్కగట్టింది. ఆ నూటిలో చోటు దక్కాలంటే కనీసం 12,119 ఉటంకింపులు కావాలి. డి.ఎన్.ఏ. నిర్మాణం చెప్పిన 1953 నాటి వాట్సన్, క్రిక్‌ల పత్రమే అందులో లేదు. వెన్నుపాము నలిగిన కంబదూరు రైతునో కదిరి కూలినో గురించి వ్రాసినది ఎక్కడినుండి ఉంటుంది? ఆ రైతు తన వైద్యుణ్ణి ఉటంకించలేడు. ఆ రైతును చూసే మండల వైద్యుడు చదువుతాడు, వాడుకుంటాడు, కాని పత్రాలు వ్రాయడు. చదివి వాడుకున్నవాడు లెక్కలోకి రాడు; చదివి మరో పత్రం వ్రాసినవాడే వస్తాడు.

ఇదే ఫ్లోరైడుకు సముద్రం దాటితే ఏమి జరిగిందో చూడండి. అమెరికాలో పళ్ళు పుచ్చకుండా ఊరి కుళాయి నీటిలో ఫ్లోరైడు కలుపుతారు. 2015నుండి అక్కడ సిఫారసు చేసినది లీటరుకు 0.7 మిల్లీగ్రాములు. అది పిల్లల తెలివికి చేటా అన్న తగవు లేచింది. 2012లో హార్వర్డుకు సంబంధించిన పరిశోధకులు, ఎక్కువగా చైనా పల్లెలలో జరిగిన అధ్యయనాలను ఒకచోట చేర్చి వ్రాసిన పత్రానికి వందలకొలది ఉటంకింపులు వచ్చాయి. 2024 ఆగస్టులో అక్కడి నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రామ్ నివేదిక, 1.5కు మించిన నీటికీ పిల్లల బుద్ధిసూచిక తగ్గుదలకూ సంబంధమున్నదని మధ్యస్థమైన విశ్వాసంతో తేల్చింది, 0.7 దగ్గర అట్టిది తేల్చటానికి ఆధారం చాలదన్నది. సెప్టెంబరులో ఫెడరల్ న్యాయస్థానం తీర్పు వచ్చింది. 2025లో యూటా రాష్ట్రం నీళ్ళలో ఫ్లోరైడు కలపటాన్నే నిషేధించింది. ఆ పరిశోధనలను నేను తప్పుపట్టటం లేదు, అవసరమైనవే. నేను అడిగేది ఒక్కటి. మూడు, నాలుగు మిల్లీగ్రాముల నీరు త్రాగి మంచానబడ్డ మనుషులున్నచోట ఉటంకింపులు చినుకుల్లా రాలుతుంటే, 0.7 దగ్గర అనుమానం వచ్చినచోట వరదలై పారుతున్నాయి. పైపెచ్చు ఆ వరదకు నీరు పోసినవి కూడా బీద పల్లెల బిడ్డల లెక్కలే. సంఖ్య దేన్ని కొలిచినట్లు? రోగాన్నా, కుళాయి ఉన్నవాడి కంఠధ్వనినా?

ఎక్కువ ఉటంకింపులంటే గొప్ప సిద్ధాంతమన్న భ్రమ ఉన్నవారికి ఇంకొక ముచ్చట. ప్రపంచంలో అన్నిటికంటె అధికంగా ఉటంకింపబడిన పత్రం ఒక మెదడు రసాయన శాస్త్రజ్ఞునిదే. సెయింట్ లూయీలో పనిచేసిన ఆలివర్ లౌరీ 1951లో వ్రాసినది. 2014 నాటికే మూడు లక్షలు దాటింది. అందులో మెదడును గురించిన ఆవిష్కరణ ఏదీ లేదు. ద్రావణంలో ప్రొటీను ఎంతున్నదో రంగును బట్టి చెప్పే పద్ధతి, అంతే. అది తన గొప్ప పత్రమేమీ కాదని లౌరీయే ఒప్పుకున్నాడు. ఒంటరి నాడీకణాన్ని సైతం తూచే సన్నని స్ఫటికపు త్రాసు చేసి, కణంలోని ఎంజైములను కొలిచిన అతని అసలు సాధనకు ఆ మోతలో వందో వంతు రాలేదు. బజ్జీలు తిన్నవాళ్ళంతా బాణలి పేరు వ్రాసుకుపోయినట్లయింది. మన యల్లాప్రగడ సుబ్బారావుగారి కథా ఇంతే. ఫిస్క్‌తో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ను రంగుతో కొలిచే పద్ధతి ప్రకటించారు; ఆ పత్రాన్ని తరతరాల ప్రయోగశాలలు ఉటంకించాయి. బోదకాలు క్రిమిని చంపే హెట్రజాన్ ఆయన నడిపిన లెడర్లీ పరిశోధనశాలలోనే పుట్టింది, 1947లో అది లోకానికి వెల్లడైన పత్రంలో ఆయన పేరు సహరచయితలలో ఒకటి మాత్రమే. కోస్తాలో బోదకాలు తప్పించుకున్నవాడు ఎవరికి మొక్కాలో ఏ సూచిక చెబుతుంది?

పండితుడికి ఈ సైన్సు గొడవెందుకు అని కొందరు మిత్రులకు అనిపించవచ్చు. ఉటంకింపు అనేది మా ఇంటి విద్య, అందుకే. మల్లినాథసూరి మూలం లేనిది వ్రాయనని, అక్కరలేనిది చెప్పనని ప్రతిజ్ఞ చేసి వ్యాఖ్యానించినవాడు. గ్రంథాలు నశించిన ఎందరో కవుల పద్యాలు, ఎవరో సంధానకర్త ఉదాహరించబట్టి మిగిలాయి; వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 1918లో వెలువరించిన ప్రబంధరత్నావళి చూడండి. కనుక ఉదాహరించటం పవిత్రకార్యమని నమ్మేవాణ్ణే. కాని లక్షణగ్రంథాలలో ఒక పద్యం గుణానికి లక్ష్యంగా కనిపిస్తుంది, మరొకటి దోషానికి. రెండింటినీ కూడి "ఈ కవి పద్యాలు ఇన్నిచోట్ల ఉదాహృతమైనవి" అని సభలో చదివితే లాక్షణికులు నవ్వరా? యూజీన్ గార్ఫీల్డు 1955లో ఈ ఉటంకింపుల సూచికను ప్రతిపాదించినప్పుడు అతనికి మాదిరి న్యాయవాదుల షెపర్డ్ సూచిక. అందులో ఒక తీర్పును తరువాతి తీర్పు సమర్థించిందా, కొట్టివేసిందా అన్న గుర్తు కూడా ఉంటుంది. లెక్కల వ్యాపారంలో ఆ గుర్తు రాలిపోయింది, అంకె మిగిలింది. ఖండించినా ఒకటే, కొనియాడినా ఒకటే, తన్ను తాను ఉదాహరించుకొన్నా ఒకటే. (ఐయోనిడిస్ పట్టిక స్వీయోదాహరణలు తీసివేసిన లెక్క కూడా ఇస్తుంది; మన శీర్షికలు దాని జోలికి పోవు.)

ఇక నా కడుపుమంటకు అసలు కారణం చెబుతాను. నా దగ్గర పదవ తరగతి చదివిన ఒక అబ్బాయి, వాళ్ళ ఊరిది ఫ్లోరైడు నీరే, జంతుశాస్త్రంలో పై చదువుకు పోయి పరిశోధనలో చేరాడు. చుట్టుప్రక్కల పల్లెలు తిరిగి, బోరు నీళ్ళు పరీక్షించి, నడక తడబడుతున్నవారిని లెక్కించి, నాడీవైద్యుల చేత చూపించాలని వాడి సంకల్పం. ఏడాది తిరగకుండా ఇంటికి వచ్చి కూర్చుని అన్నాడు: "అయ్యవారూ, పల్లెలు తిరిగితే మూడేండ్లకు ఒగ పేపరు వస్తాదంట. అది గూడా మంచి ఇంపాక్టు ఉండే జర్నలు తీసుకోదంట. ఎలకలతో అయితే ఏడాదికి నాలుగు." ఏ సంస్థలో, ఏ గురువు చెప్పాడన్నది ఇక్కడ అప్రస్తుతం. వాడు ఎలుకలకు, మా బోర్లలో ఏనాడూ లేనంత మోతాదు ఫ్లోరైడు నీరు త్రాగించి, మెదడు ముక్కలలో ఎంజైములు కొలిచాడు. పత్రాలు వచ్చాయి. వాటిని ఎలుకలకే నీరు త్రాగించే ఇతరులు ఉటంకించారు. వాళ్ళను వీడు ఉటంకించాడు. ఉద్యోగం వచ్చింది, సంతోషమే, పేదింటి బిడ్డ. వాళ్ళ ఊరి నీరు ఈనాటికీ వాడు పరీక్షించలేదు. వాణ్ణి నేనెలా నిందించను? 2010లో యు.జి.సి. పాయింట్ల పద్ధతి తెచ్చినప్పటినుండి అధ్యాపకుని బ్రతుకు ఆ అంకెలకు తాకట్టు పడింది.

దీనికి ఎదురుగా వినిపించే వాదం ఒకటున్నది, బలమైనదే. అంకెలు లేకుంటే పదోన్నతులు కులాన్ని బట్టి, పైరవీని బట్టి జరుగుతాయి. కొండ అండ లేని కుర్రవాడికి అంకె ఒక్కటే ఆధారం. నిజం. కాని అంకె వచ్చాక పైరవీ పోయిందా? దానికి తోడు ఒక అంగడి కూడా వెలిసింది. హైదరాబాదు కేంద్రంగా వందలకొద్దీ పత్రికలు నడిపిన ఓమిక్స్ సంస్థ మోసపూరితంగా వ్యవహరించిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దావా వేయగా, 2019లో న్యాయస్థానం 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమన్నది. మాకు దగ్గరలోని తిరుపతిలో ఒక రసాయన శాస్త్రాచార్యుడు 2004, 2007 నడుమ ప్రకటించిన డెబ్బై దాకా పత్రాల బండారం 2008లో బయటపడింది. కాపీ కొట్టినవి, కల్పించినవి. అప్పటిదాకా ఏ అంకె చూసినా ఆయన ఘనుడే. మంచి పత్రికల జాబితా అని యు.జి.సి. తెచ్చిన కేర్ పట్టికను 2025లో యు.జి.సి.యే వదులుకొన్నది.

చదవటానికి బద్ధకించి లెక్కపెడుతున్నారు, ఇంతకు మించి రహస్యమేమీ లేదు. 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కొందరు శాస్త్రజ్ఞులూ సంపాదకులూ కూడి, మనిషిని అచ్చైన పత్రిక అంకెతో తూచవద్దు, అతను వ్రాసినదేమిటో చూడండి అని ఒక ప్రకటన తయారుచేశారు. మా కాలంలో పండిత నియామకాల మౌఖిక పరీక్షలో ఒక పద్యమిచ్చి అన్వయించమనేవారు. అన్వయించినవాడు నిలిచేవాడు. నాడీశాస్త్రాచార్యుణ్ణి కూడా నీ మంచి పత్రాలు మూడు తీయి, అందులో ఏముందో మాకు తెలిసే మాటలలో చెప్పు, దానివల్ల ఎవరికేమి ఒరిగిందో చెప్పు అని అడగటానికి ఏమి అడ్డు? ఒరగలేదంటే అదీ చెప్పవచ్చు. శుద్ధశాస్త్రానికి వెంటనే ప్రయోజనం ఉండాలని నేననను. లౌరీ త్రాసు ఏ రైతుకు అన్నం పెట్టింది? అయినా అది గొప్ప పని, చదివితే తెలుస్తుంది.

మాకు నీరు మార్చినవారికీ ఏ సూచికలోనూ చోటు లేదు. 1990ల నడుమ సత్యసాయి ట్రస్టు ఈ జిల్లాలో ఏడువందలకు పైగా గ్రామాలకు గొట్టాలు వేసి నీళ్ళిచ్చింది. నాగపూరు నీరీ సంస్థవారు 1970లలో పటిక, సున్నం, బ్లీచింగుపొడితో బిందె నీటిలోనే ఫ్లోరైడు తగ్గించే నల్లగొండ పద్ధతి చెప్పారు. గొట్టాలు వేసిన ఇంజనీర్ల హెచ్-ఇండెక్సు ఎంతని ఎవరైనా అడిగారా? ఇంకా గొట్టం అందని, అందినా ఎండిపోయిన ఊళ్ళున్నాయి. అక్కడ బోరు నీటి అంకె ఎంత, నడవలేనివారెందరు అని తిరిగి వ్రాసే నాడీవైద్యుడు కావాలి. వచ్చే అక్టోబరులో మీ ఊరి పత్రికలోనూ ఆ శాలువా వార్త వస్తుంది. వచ్చినప్పుడు ఆ ఆచార్యుని పత్రాలలో ఒకదానిని సంపాదించి, చదివి, దాని సారం మీ బ్లాగులో పది వాక్యాలలో వ్రాయండి. బాగుంటే మెచ్చుకోండి, లేకుంటే లేదని వ్రాయండి. నేను రాజారెడ్డిగారి 2009 వ్యాసం ముందు పెట్టుకొని కూర్చున్నాను. వైద్యమిత్రుడొకరు పదాల దగ్గర సాయపడతానన్నారు. "రాడిక్యులోమైలోపతీ"కి మా పల్లెలో అర్థమయ్యే మాట దొరకగానే దాని తెలుగు సారాంశం తరువాతి టపాలో పెడతాను. మీకేదైనా మాట తోస్తే వ్యాఖ్యలో వ్రాయండి.